జలప్రళయం తర్వాత కూడా మనిషి మారలేదు కదా, మరి ఆ తీర్పు దేనికి?

అమ్మా, మీ ప్రశ్న నిదానంగా రెండుసార్లు చదివాను. 2021 నవంబరులో స్వర్ణముఖి పొంగినప్పుడు తిరుపతి శివార్లలో మీ ఇంట్లోకి నడుము లోతు నీళ్ళొచ్చాయని రాశారు. ఆ తర్వాతి వారం ఒక ప్రార్థన కూటంలో బయటి ఊరి ప్రసంగీకుడు "నోవహు దినాల్లో ఎట్లాగో ఇదీ అట్లే, మునిగిన ఇళ్ళవాళ్ళు తమ పాపం ఏమిటో చూసుకోవాలి" అన్నాడని, ఆ మాట విన్నప్పటి నుంచి వాన మొదలైతే మీ అమ్మగారికి నిద్ర పట్టడం లేదని రాశారు. చివర్లో మీరు అడిగింది ఇది: లోపాలున్న మనిషిని చేసిందీ దేవుడే, ఆ లోపాలకు ముంచిందీ దేవుడే అయితే అదేం న్యాయం? పైగా అంత చేశాక కూడా మనిషి మారలేదు కదా, మరి ఆ తీర్పు దేనికి?

నేను బెంగళూరులో దైవశాస్త్రం చదువుకుని, చిత్తూరు, పుత్తూరు, నాగలాపురం చుట్టుపక్కల సంఘాల్లో 31 ఏళ్ళు కాపరిగా పనిచేసి, ఇప్పుడు తిరుపతిలో ఉంటున్నాను. బైబిలు మొదటి పుస్తకం ఆదికాండంలో, దేవుడు లోకాన్ని నీళ్ళతో ముంచి ఓడలో నోవహు కుటుంబాన్ని కాపాడిన కథ మీద లెక్కలేనన్ని ప్రసంగాలు చేశాను. మొదటి పదేళ్ళలో చేసినవి తప్పు ప్రసంగాలు. మీ అమ్మగారు విన్నలాంటి మాటలే నేనూ కొన్నిచోట్ల అన్నాను. అందుకే మీకు జవాబు రాయడం నా బాధ్యత అనిపించింది.

ముందు మీ అమ్మగారి సంగతి. ఆ నవంబరు 18, 19 తేదీల్లో బంగాళాఖాతం నుంచి వచ్చిన వాయుగుండానికి ఎంత వాన కురిసిందో మనకు తెలుసు. తిరుమల ఘాట్ రోడ్ల మీద కొండచరియలు పడ్డాయి, నడకదారులు మూసేశారు. రాయలచెరువు కట్ట తెగుతుందేమోనన్న భయంతో దిగువ ఊళ్ళు ఖాళీ చేయించారు. కడప వైపు అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఒడ్డున ఊళ్ళకు ఊళ్ళే దెబ్బతిన్నాయి. మా వీధిలో మునిగిన ఇళ్ళలో చర్చికి వచ్చేవాళ్ళవి ఉన్నాయి, అయ్యప్ప మాల వేసుకున్నవాళ్ళవి ఉన్నాయి, నమాజు చేసేవాళ్ళవీ ఉన్నాయి. నీళ్ళు ఎవరి పాపాన్నీ విచారించలేదు, పల్లం చూసుకుని వచ్చాయి. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అని మన పెద్దలు ఊరికే అనలేదు. ఆ ప్రసంగీకుడు నీటికి తెలిసినదాన్నీ దేవునికి తెలిసినదాన్నీ ఒకటి చేసేశాడు.

భూమిని మళ్ళీ జలప్రళయంతో పాడుచేయనని దేవుడు మాట ఇచ్చింది ఆ కథలోనే, ఆదికాండం 9:11లో. అది లోకమంతటికీ ఇచ్చిన మాట, ఒక్క ఊరి వరదకు వర్తించదని ఎవరైనా వాదించవచ్చు. సరే, అలాంటప్పుడు లూకా సువార్త 13వ అధ్యాయం తెరవాలి. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయారు. యెరూషలేములో ఉన్న మిగతావాళ్ళందరికంటే వీళ్ళు ఎక్కువ అపరాధులని మీరనుకుంటున్నారా అని యేసు అడిగాడు. కాదని ఆయనే జవాబు చెప్పాడు. మారుమనస్సు పొందమని ఆ వెంటనే అన్న మాట నిజమే. కానీ ఆ మాట వింటున్న జనమందరితో అన్నాడు. గోపురం కింద పడ్డవాళ్ళ ఇంటికి వెళ్ళి అనలేదు. ఇల్లు మునిగి, బియ్యం డబ్బా నుంచి పిల్లల సర్టిఫికెట్ల దాకా బురదపాలైన మనిషికి ఆ వారం చీపురు పట్టి సాయం చేయాలి. పాపం ఏమిటో వెతుక్కోమనే అధికారం సువార్త ఎవరికీ ఇవ్వలేదు.

ఇక అసలు ప్రశ్న. "లోపాలకు ముంచాడు" అని మీరు రాశారు. చాలామంది అట్లాగే అనుకుంటారు. ఆదికాండం 6వ అధ్యాయం మాత్రం అట్లా చెప్పదు. భూలోకము "బలాత్కారముతో" నిండిపోయింది అంటుంది 11వ వచనం. 13వ వచనంలో దేవుడు నోవహుకు చెప్పే కారణం కూడా అదే. ఇక్కడ మన తెలుగు బైబిలు మాట దగ్గర కాస్త ఆగాలి. ఈ రోజు బలాత్కారం అంటే మనకు ఒకే ఒక్క నేరం గుర్తొస్తుంది. ఆ అనువాదం చేసిన కాలంలో బలం చూసుకుని చేసే ఏ దౌర్జన్యానికైనా ఆ మాటే వాడేవారు. దాని వెనక ఉన్న హీబ్రూ పదం హమాస్ (వార్తల్లో వినే అరబ్బీ సంస్థ పేరుకూ దీనికీ సంబంధం లేదు). కత్తితో చంపడం ఒక్కటే హమాస్ కాదు. మీకా 6:12లో ఐశ్వర్యవంతులు హమాస్‌తో నిండి ఉన్నారని ప్రవక్త అంటాడు, ఆ ముందు వచనంలోనే దొంగ త్రాసుల మాట, తప్పుడు రాళ్ళ సంచి మాట వస్తాయి. కరువేళ్ళలో మన పల్లెల్లో బోరు వేసుకోవడానికి అప్పిచ్చి, బోరులో నీళ్ళు పడకపోతే ఉన్న రెండెకరాలూ రాయించుకున్నవాళ్ళ సంగతి మీ ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పే ఉంటారు. ఆ పనికి మీకా వాడే మాట ఇదే అయ్యుండేది.

నోవహు కథను 6వ అధ్యాయంలో మొదలుపెట్టి చదివితే ఈ సంగతి సరిగ్గా కనబడదు. 4వ అధ్యాయం నుంచి రావాలి. ఆదాము కొడుకు కయీను తమ్ముణ్ణి చంపి భయపడ్డాడు, దాచుకోబోయాడు. అతని సంతతిలో లెమెకు ఒక పడుచువాణ్ణి చంపి, ఆ సంగతి ఇద్దరు భార్యల ముందు పాటగా పాడుకున్నాడు. కయీను కోసం ఏడంతలు ప్రతిదండన అయితే తన కోసం డెబ్బది ఏడంతలు అని గొప్పలు పోయాడు. చంపి దాక్కున్న మనిషి నుంచి చంపి పాడుకునే మనిషి దాకా వచ్చింది లోకం. 6వ అధ్యాయం మొదట్లో "దేవుని కుమారులు" తమకు నచ్చిన స్త్రీలను తెచ్చుకున్నారన్న మాట ఉంది. వాళ్ళు ఎవరనే చర్చ మీద పుస్తకాలకు పుస్తకాలు వచ్చాయి, దాన్ని ఇక్కడ వదిలేస్తున్నాను. నచ్చితే చాలు తెచ్చుకోవడం, అడిగేవాడు లేకపోవడం, ఇది చూడండి చాలు. తీర్పు దీని మీద వచ్చింది. ఓపిక లేక పిల్లల మీద అరిచిన తల్లి మీద కాదు, ప్రార్థనలో కునికిపాట్లు పడ్డ ముసలాయన మీద కాదు.

లోపానికీ దౌర్జన్యానికీ ఉన్న ఈ తేడాను బైబిలు ఒకే మాటతో చూపిస్తుంది. 6:5లో "హృదయముయొక్క తలంపులలోని ఊహ" అని మనం చదివేచోట హీబ్రూలో యేత్సెర్ అని ఉంది. కుమ్మరి మట్టితో చేసే పనికి వాడే ధాతువులోంచి వచ్చిన మాట అది. 2:7లో దేవుడు మనిషిని మంటితో నిర్మించాడు అన్నప్పుడు ఉన్న క్రియ కూడా అదే కుటుంబం. అంటే దేవుడు మట్టితో మనిషిని మలిచాడు, ఆ మనిషి తన హృదయంలో కూర్చుని చెడును మలుస్తున్నాడు. ఇప్పుడు కీర్తన 103:14 తీయండి. "మనము నిర్మింపబడిన రీతి" ఆయనకు తెలుసు, మనం మంటివారమని ఆయన జ్ఞాపకం చేసుకుంటాడు అని ఉంటుంది. అక్కడ "నిర్మింపబడిన రీతి" అని తెలుగులోకి వచ్చిన పదం మళ్ళీ యేత్సెరే. తీర్పు చెప్పేచోట, జాలి చూపేచోట ఒకే పదం. పలమనేరులో మట్టి పని చేసేవాళ్ళ దగ్గర ఒకసారి చాలాసేపు కూర్చున్నాను. ఏ మన్ను ఎండకు పగులుతుందో, దేనికి ఎంత ఇసుక కలపాలో చేత్తో పట్టుకుంటే వాళ్ళకు తెలిసిపోతుంది. మన్నుకు ఉన్న గుణాన్ని వాళ్ళు తిట్టుకోరు. దేవుడు మన మట్టి గుణాన్ని నేరం కింద రాసుకుంటాడన్న భయం మీ అమ్మగారికి ఉంటే, ఈ కీర్తన ఆమెకు చదివి వినిపించండి.

దేవుడు కోపంతో ఊగిపోయి నీళ్ళు వదిలాడని మనం పిల్లలకు చెప్తాం. ఆదికాండం 6:5 నుంచి 8 వరకు కోపం అనే మాటే లేదు. అక్కడ ఉన్నది, దేవుడు "తన హృదయములో నొచ్చుకొనెను" అన్న మాట. పాత అనువాదకులు ఎంత మంచి మాట పట్టుకున్నారో చూడండి. దారిన పోయేవాడు ఏమన్నా మనం నొచ్చుకోం. కోపం వస్తుంది, మరిచిపోతాం. నొచ్చుకోవడం మనవాళ్ళ దగ్గరే. కొడుకు మాట అంటే తల్లి నొచ్చుకుంటుంది. హీబ్రూలో ఇక్కడున్న మాట 3వ అధ్యాయంలో స్త్రీ ప్రసవవేదనకూ, చెమటోడ్చి నేలను దున్నే మనిషి కష్టానికీ వాడిన మాటతో ఒకే ధాతువుకు చెందినది. ఏదెను దాటి వచ్చాక ఆదాము, హవ్వ పడ్డ నొప్పే మూడు అధ్యాయాలు తిరిగేసరికి దేవుని గుండెల్లోకి చేరింది. నరుల హృదయం చెడ్డది అని 5వ వచనం, దేవుని హృదయం నొచ్చింది అని 6వ వచనం. జలప్రళయం కథ ఈ రెండు హృదయాల మధ్య నడుస్తుంది. ఓడ, జంతువులు, నీళ్ళు ఆ తర్వాతి సంగతులు.

ఇది ఎంత కొత్త మాటో తెలియాలంటే పక్కవాళ్ళ కథ కూడా తెలియాలి. 1872 డిసెంబరు 3న లండనులో జార్జ్ స్మిత్ అనే పండితుడు ఇప్పటి ఇరాక్‌లోని పాత నగరం నీనెవె తవ్వకాల్లో దొరికిన మట్టి పలకల మీది వరద కథను చదివి వినిపించినప్పుడు అక్కడివాళ్ళు నిర్ఘాంతపోయారు. ఓడ, జంతువులు, కొండ మీద ఆగడం, పక్షులను వదిలి చూడటం అన్నీ అందులో ఉన్నాయి. అదే కుటుంబానికి చెందిన అత్రహసిస్ కథలో వరదకు కారణం ఏమిటంటే, మనుషులు ఎక్కువైపోయి వాళ్ళ గోలకు ఎన్లిల్ దేవుడికి నిద్ర పట్టకపోవడం. ఆ కథలో వరద అయ్యాక దేవతలు చేసిన ఏర్పాటు ఇంకా బాధగా ఉంటుంది. జనం మళ్ళీ పెరగకుండా కొందరు స్త్రీలకు గొడ్రాలితనం, పసిబిడ్డలను ఎత్తుకుపోయే ఒక పిశాచం. ఆదికాండం రాసినవారికి ఈ కథలు తెలుసునని పండితుల్లో ఎక్కువమంది ఒప్పుకుంటారు. తెలిసి, దాన్ని ఎట్లా మార్చారో చూడండి. నిద్ర చెడడం పోయి మనసు నొచ్చుకోవడం వచ్చింది. గోల పోయి బలాత్కారం వచ్చింది. వరద తర్వాత దేవుడు ఇచ్చిన దీవెనలో మొదటి మాట, ఫలించి అభివృద్ధి పొందండి అని. పిల్లలు పుట్టని బాధ, పుట్టిన బిడ్డ పోయిన బాధ దేవుని శిక్ష అని మన ఊళ్ళలో ఇంకా అనేవాళ్ళున్నారు. ఆ మాట ఎన్లిల్ కథలోది, నోవహు కథలోది కాదు.

నాగలాపురంలో ఉన్న రోజుల్లో వేదనారాయణస్వామి గుడి ముందు నుంచే రోజూ సైకిల్ మీద వెళ్ళేవాణ్ణి. శ్రీకృష్ణదేవరాయలు తల్లి నాగలాంబ పేరున వెలసిన ఊరు అది, గుడిలో స్వామి మత్స్యరూపంలో ఉంటాడు. ఆ గుడి దగ్గర తెలుగు పండితులు ఒకాయన నాకు మంచి స్నేహితుడు. భాగవతం ఎనిమిదో స్కంధంలోని సత్యవ్రతుడి కథ ఆయనే నాకు వివరంగా చెప్పారు. దోసిట్లోకి వచ్చిన చిన్న చేప, ఏడు రోజుల్లో ప్రళయం వస్తుందన్న హెచ్చరిక, విత్తనాలతో ఋషులతో ఎక్కిన నావ. నోవహుకు కూడా దేవుడు ఏడు రోజులే గడువు చెప్పాడని (7:4) నేనన్నాను. ఇద్దరం చాలా సంతోషపడ్డాం. కానీ ఆయనే ఒక తేడా చూపించారు. తమ కథలో ప్రళయం బ్రహ్మకు రాత్రి అయినప్పుడు వస్తుంది, రాత్రి వచ్చిందంటే ఎవరో తప్పు చేశారని కాదు కదా అన్నారు. ఆ మాట నాకు ఎంతో ఉపయోగపడింది. ప్రళయం అనే పదంలోనే లయం ఉంది, అన్నీ తిరిగి కలిసిపోయే కాలధర్మం ఉంది. మనం ఆదికాండం కథకు జలప్రళయం అని పేరు పెట్టుకుని, ఆ పదం అర్థాన్ని కూడా తెలియకుండానే లోపలికి తెచ్చుకున్నాం, ఏదో రావలసిన సమయానికి వచ్చిందన్నట్టు. ఆదికాండంలో అది కాలం వల్ల రాలేదు. ఒకరు చూసి, నొచ్చుకుని, నిర్ణయం తీసుకుంటే వచ్చింది. అందుకే అక్కడ న్యాయమా అన్యాయమా అని మీరు అడగగలుగుతున్నారు. రాత్రిని ఎవరూ అట్లా అడగరు. మీ ప్రశ్న అవిశ్వాసం కాదమ్మా. ఈ కథ చదివినవాళ్ళు అడగవలసిన ప్రశ్నే.

నోవహు సంగతి. మంచివాళ్ళను ఉంచి చెడ్డవాళ్ళను తీసేశాడు అని మనం సులువుగా చెప్పేస్తాం. వరస చూడండి. నోవహు కృప పొందాడు అని 6:8లో ముందు వస్తుంది. నీతిపరుడు, "తన తరములో నిందారహితుడు" అని 6:9లో తర్వాత వస్తుంది. "తన తరములో" అన్న మాట మీద యూదు రబ్బీలు చాలా కాలం వాదించుకున్నారు. అంత చెడ్డ తరంలోనే మంచిగా ఉన్నాడంటే మంచి తరంలో ఇంకెంత గొప్పవాడయ్యేవాడో అని ఒక పక్షం. ఆ తరంలో కాబట్టి మంచివాడనిపించుకున్నాడు, అబ్రాహాము కాలంలో అయితే లెక్కలోకి వచ్చేవాడు కాదని ఇంకో పక్షం. నాకు రెండో పక్షం వైపే మొగ్గు. ఎందుకంటే సొదొమ పట్టణంలో కొందరు నీతిమంతులున్నా దాన్ని నాశనం చేయవద్దని అబ్రాహాము దేవునితో యాభై మంది నుంచి పది మంది దాకా బేరమాడాడు. నోవహు ఒక్క మాట మాట్లాడలేదు. 6 నుంచి 8 దాకా మూడు అధ్యాయాల్లో అతని నోటి నుంచి మాటే రాదు. మొదటిసారి నోరు విప్పింది 9వ అధ్యాయంలో, ద్రాక్షారసం తాగి, మత్తు దిగాక, మనవడు కనానును శపించడానికి. ఓడలోంచి బయటికి దిగిన ఎనిమిది మందిలో కూడా అదే పాత హృదయం దిగింది. బైబిలు దాన్ని దాచలేదు. దాచాలనుకుంటే ఆ ద్రాక్షతోట సంగతి రాయకుండా వదిలేసేవారు.

ఇప్పుడు మీరు వేలు పెట్టిన చోటికి వస్తాను. మనిషి మారలేదు అన్నారు. ఆ మాట మీకంటే ముందు దేవుడే అన్నాడు. ఓడ దిగి నోవహు బలి అర్పించాక 8:21లో, భూమిని మళ్ళీ శపించను, "ఎందుకనగా నరుల హృదయాలోచన వారి బాల్యమునుండి చెడ్డది" అన్నాడు. నేను చదువుకునే రోజుల్లో మా గురువుగారు ఈ వచనాన్ని బోర్డు మీద 6:5 పక్కన రాసి, అరగంట సేపు ఏమీ చెప్పకుండా మమ్మల్ని చూస్తూ ఉండమన్నారు. 6:5లో నరుల హృదయం చెడ్డది, కాబట్టి ముంచుతాను. 8:21లో నరుల హృదయం చెడ్డది, కాబట్టి ముంచను. కారణం ఒకటే, నిర్ణయాలు రెండు. కొన్ని అనువాదాలు ఇక్కడ ఇబ్బంది పడి "చెడ్డదే అయినప్పటికీ" అని మార్చాయి. హీబ్రూలో ఆ చిన్న మాటకు ఆ అర్థం కూడా రావచ్చు. మన తెలుగు బైబిలు మాత్రం "ఎందుకనగా" అనే ధైర్యంగా ఉంచింది, నాకు అదే సరి అనిపిస్తుంది.

జలప్రళయంతో మారింది ఏమిటంటే, మనిషితో దేవుడు వ్యవహరించే తీరు. లోపం ఉన్నవాణ్ణి తీసేసి మళ్ళీ మొదలుపెడితే లోపం పోదని ఆ కథ మొత్తంగా చూపించింది. ఎన్నిసార్లు కడిగినా మట్టి మట్టే. కాబట్టి ఇక నుంచి ఈ మనిషితోనే, ఈ హృదయంతోనే సాగాలి. వెంటనే 8:22లో విత్తే కాలం కోత కాలం, చలి వేడి, పగలు రాత్రి ఆగవు అన్న మాట వస్తుంది. మన చిత్తూరు రైతుకు ఈ వచనం విలువ వేరే చెప్పాలా? పక్కింటివాడు మోసగాడైనా అతని వేరుశనగ చేలో కూడా వాన పడుతుంది. 9వ అధ్యాయంలో ఇచ్చిన నియమాలు కూడా పరిపూర్ణులకు ఇచ్చినవి కావు. మాంసం తినవచ్చు, కానీ రక్తంతో కాదు. మనిషి రక్తం చిందిస్తే లెక్క అడుగుతాను, ఎందుకంటే మనిషి దేవుని స్వరూపం. మొదట లోకాన్ని నింపింది బలాత్కారం కాబట్టి దానికే ముందు గట్టు వేశాడు. ఇంకో సంగతి కూడా చూడండి. హృదయం చిన్ననాటి నుంచి చెడ్డది అన్న కొద్ది వచనాలకే, ఆ మనిషే దేవుని స్వరూపం అని కూడా అన్నాడు. ఒకటి నిజమైతే రెండోది అబద్ధం కావాలని ఆదికాండం అనుకోదు.

మేఘంలో ధనుస్సు గురించి మనకు వివరించనక్కర్లేదు. ఇంద్రధనుస్సు అన్నా హరివిల్లు అన్నా తెలుగులో అది విల్లే, యుద్ధంలో పట్టే ఆయుధమే. హీబ్రూలోనూ అంతే, కెషెత్ అంటే యుద్ధపు విల్లు. ఆ విల్లును ఆయన మేఘంలో పెట్టేశాడు. ఇంకా చిత్రం, 9:16 ప్రకారం ఆ గుర్తు మన కోసం కాదు. నేను దాన్ని చూసి జ్ఞాపకం చేసుకుంటాను అని దేవుడు తన కోసమే పెట్టుకున్నాడు. మబ్బు కమ్మినప్పుడు దేవుడు మీ అమ్మగారి పాపాల చిట్టా తీస్తాడని ఆ ప్రసంగీకుడు చెప్పాడు. మబ్బు కమ్మినప్పుడు దేవుడు తన మాటను తానే గుర్తు చేసుకుంటాడని గ్రంథంలో ఉంది.

నేను తప్పు ప్రసంగాలు చేశానని మొదట్లో అన్నాను, అందులో ఒకటి చెప్తాను. పుత్తూరు దగ్గర ఒక పల్లెలో, నేను కొత్తగా కాపరినైన రోజుల్లో, ఒక ఆదివారం జలప్రళయం మీద గంటసేపు గట్టిగా ప్రసంగించాను. ఓడ తలుపు మూసుకున్నాక బయట జనం గోడలు బాదుతున్నారని, వాళ్ళ కేకలు ఎట్లా ఉంటాయో కూడా చెప్పాను. గ్రంథంలో ఆ కేకలు లేవు, నేనే కల్పించాను. ఆరాధన అయ్యాక ఒక పెద్దావిడ దగ్గరికొచ్చి, "అయ్యగారూ, పిలకాయలు ఏం చేసినారు?" అని అడిగింది. మళ్ళీ అదే మాట: "లెమెకు చేసినాడు సరే. పిలకాయలు ఏం చేసినారు?" ఆమె మనవడు కొన్ని నెలల ముందు బావిలో పడి పోయాడని నాకు తర్వాత తెలిసింది. నేనప్పుడు పుస్తకంలో నేర్చుకున్న జవాబు చెప్పాను, పెద్దవాళ్ళ పాపం పిల్లల మీదికి వస్తుందని. ఆమె తల వంచుకుని వెళ్ళిపోయింది. ఆ జవాబు ఇచ్చినందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను.

ఆదికాండం ఆ పిల్లల గురించి ఏమీ చెప్పదు. అది మౌనంగా ఉన్నచోట నేను సమర్థన కల్పించకూడదని ఆ పెద్దావిడ నాకు నేర్పింది. గ్రంథమే ఆ ప్రశ్నను తర్వాత ముందుకు తీసుకుపోయింది. నీతిమంతుణ్ణి దుష్టునితో కలిపి చంపుతావా అని అబ్రాహాము అడిగాడు, దేవుడు అడగనిచ్చాడు. తండ్రులు ద్రాక్షకాయలు తింటే పిల్లల పళ్ళు పులిశాయన్న సామెతను ఇక పలకకూడదని యెహెజ్కేలు 18వ అధ్యాయం ఆజ్ఞాపించింది. యోనా పుస్తకం చివరి వచనంలో నీనెవె గురించి, కుడి ఎడమలు ఎరుగని లక్షా ఇరవై వేల మంది, వాళ్ళతో పాటు పశువులు ఉన్నాయి, నేను విచారించవద్దా అని దేవుడే అడుగుతాడు. నోవహు కథలో వినబడని పిల్లల మాట, పశువుల మాట యోనా కథలో దేవుని నోటి నుంచే వచ్చింది. నాకు మళ్ళీ అవకాశం వస్తే ఆ పెద్దావిడకు యోనా చదివి వినిపించి, పక్కన కూర్చుని ఉండేవాణ్ణి. ఆమె ఇప్పుడు లేదు.

మీరు చేయగలిగింది ఒకటి చెప్తాను. "పర్వతములు తొలగిపోయినను మెట్టలు తత్తరిల్లినను నా కృప నిన్ను విడిచిపోదు" అన్న వచనం మన క్రైస్తవుల ఇళ్ళలో క్యాలెండర్ మీదో ఫ్రేము కట్టించి గోడ మీదో ఉంటుంది. మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది, వరదలో తడిసిపోయి ఉంటే మళ్ళీ తెచ్చుకోండి. అది యెషయా 54:10. దానికి ముందున్న 9వ వచనాన్ని ఎవరూ ఫ్రేము కట్టించరు. అందులో దేవుడు నోవహు కాలపు జలప్రళయాన్ని తలుచుకుని, ఆ నీళ్ళు మళ్ళీ భూమి మీదికి రావని ఎట్లా ఒట్టు పెట్టుకున్నానో, నీ మీద కోపపడనని అట్లాగే ఒట్టు పెట్టుకున్నాను అంటాడు. ఈసారి రాత్రి వాన పట్టినప్పుడు లైటు వేసి, అమ్మ పక్కన కూర్చుని, ముందు 9వ వచనం, తర్వాత 10వ వచనం చదవండి. ఆమెకు నిద్ర పట్టేదాకా మళ్ళీ మళ్ళీ చదవండి.